పలక తుడిచే వేలు



కుట్టుపని నేర్చుకుంటున్న కొత్తలో నేనొక పువ్వుల జాకెట్టుకు రెండూ కుడిచేతులే కత్తిరించాను. కుట్టేవాళ్లకు ఈ మాట వినగానే నవ్వొస్తుంది. కుట్టనివాళ్లకు ఒక్క ముక్కలో చెబుతా. జాకెట్టు చేతికి ముందువైపు వంపు లోతుగా ఉంటుంది, వెనకవైపు తక్కువ. అందుకని రెండు చేతులూ అద్దం ముందు నిలబడ్డట్టు ఎదురెదురుగా కత్తిరించాలి. రెంటినీ ఒకే తీరున కత్తిరిస్తే రెండూ ఒకే భుజానికి పనికొస్తాయి. సాదా గుడ్డ అయితే ఒకదాన్ని తిరగేసి కుట్టేసి బయటపడొచ్చు. అచ్చు గుడ్డకు ఆ వీలు లేదు. తిరగేస్తే పువ్వులు లోపలికి పోతాయి.

మాకు నేర్పే ఆమె ఆ రెండు చేతులూ పైకెత్తి క్లాసంతటికీ చూపించింది. "ఈ జాకెట్టు తొడుక్కునేదానికి ఎడమ చెయ్యి లేదంట" అంది. ముప్పైమంది నవ్వారు. నేనూ నవ్వాను, నవ్వకపోతే ఏడుపొస్తుందని. తర్వాత ఆ ముక్కల్ని గోడకున్న మేకుకు తగిలించింది. వారం రోజులు అక్కడే ఉన్నాయి. ఫ్యాను తిరిగినప్పుడల్లా ఊగేవి.

ఈ కథ చెప్పినప్పుడు కొందరు నన్ను ఒకటే అడుగుతారు. మళ్లీ ఆ తప్పు చేశావా అని. చెయ్యలేదు. ముప్పయ్యేళ్లలో ఒక్కసారి కూడా చెయ్యలేదు, ఒప్పుకుంటాను. కానీ ఆ మేకు చూశాక నేనా క్లాసులో నోరు తెరిచి ఇంకొక సందేహం అడగలేదు. చంక దగ్గర ముడత ఎందుకొస్తుందో అడగలేదు. డాట్లు ఎంత పొడుగు పట్టాలో అడగలేదు. వెనక మెడ లోతు పెంచితే భుజం ఎందుకు జారుతుందో అడగలేదు. అడగనివన్నీ తర్వాత ఇంట్లో, నా డబ్బుతో కొన్న గుడ్డ మీద, ఒక్కొక్కటీ చెడగొట్టుకుని నేర్చుకున్నాను. ఆ మేకు ఒక తప్పు మాన్పించింది, ఏడెనిమిది తప్పుల్ని నా ఇంటికి పంపించింది.

తప్పు దిద్దడంలో ఇంకో తీరు నేను అంతకుముందే పలక మీద చూశాను. మాది మార్కాపురం. మా నాన్న పలకల పనిలో ఉండేవాడు. కాస్త వయసు మళ్లిన శ్రోతల్లో చాలామంది మా ఊరి రాయి మీదే ఓనమాలు దిద్ది ఉంటారు. మా పక్క రాతి పొరలకు భూగర్భశాస్త్రం వాళ్లు మా కంభం ఊరి పేరే పెట్టుకున్నారు, కంభం ఫార్మేషన్ అని. ఈ పలకరాయి పొరలు పొరలుగా ఉంటుంది. గనిలోంచి తీసిన దిమ్మె అంచుకు ఉలి ఆనించి, పొర దొరికిన చోట సన్నగా కొడితే పుస్తకం తెరుచుకున్నట్టు విడిపోతుంది. పొర చూసుకోకుండా కొడితే ముక్కలే. గని తడి ఆరని రాయి తేలిగ్గా చీలుతుంది, ఎండితే మొండికేస్తుంది. మా నాన్న కొట్టేముందు ఉలితో రెండు మూడు చోట్ల తట్టి చెవి పెట్టి వినేవాడు. "రాయే చెప్తది, మనం ఊరికే కొట్టగూడదు" అనేవాడు. బండలు మోసే మనిషి అంత మెల్లగా తట్టడం చిన్నప్పుడు నాకు వింతగా ఉండేది.

పలకల కథ అంతా తీపేం కాదు. 1988లో కేంద్ర ప్రభుత్వం బాలకార్మికుల కోసం జాతీయ పథకం మొదలుపెట్టినప్పుడు, తొలి విడతలో తీసుకున్న చోట్లలో మార్కాపురం పలకల పరిశ్రమ ఒకటి. బడి ముఖం చూడని పిల్లలు బడి పిల్లల కోసం పలకలు నునుపు చేసిన రోజులవి. తర్వాత నోటుపుస్తకాలొచ్చాయి, ప్లాస్టిక్ పలకలొచ్చాయి. ఇప్పుడా రాయి ఊళ్లు దాటిపోయి మేడల గోడలకూ నేలలకూ అతుక్కుంటోంది.

నేను చదివిన బడిలో ఇద్దరు పంతుళ్లు ఉండేవాళ్లు. ఒకాయన తప్పు కనబడితే అరచేత్తో పలకంతా తుడిచేసి "మళ్లీ రాయి" అనేవాడు. ఏది తప్పో, ఏది ఒప్పో తెలిసేది కాదు, అంతా పోయేది. రెండో ఆయన కూర్చోబెట్టి చూసేవాడు. ఒకరోజు "ప" రాయమంటే నేను "ష" రాశాను. ఆయన చిటికెన వేలి కొస తడిచేసుకుని, లోపల గీసిన ఆ చిన్న గీతొక్కటే తుడిచాడు. పలక మీద "ప" మిగిలింది. "చూడు, నువ్వు రాసిందే" అన్నాడు. యాభయ్యేళ్లవుతోంది. ఆ తడి చుక్క ఆరిపోతూ రాయి నల్లదనం మళ్లీ బూడిదరంగులోకి తిరగడం నాకిప్పటికీ కళ్లకు కడుతుంది.

మన భాషలో తప్పును పట్టుకుంటారు, దొంగను పట్టుకున్నట్టు. తప్పును దిద్దుతారు కూడా. పసిపిల్ల పంతులుగారు రాసిన అక్షరం మీద బలపం తిప్పినా దిద్దడమే, పెళ్లికూతురి కనుబొమలు తీర్చినా దిద్దడమే, లెక్కలో అంకె మార్చినా దిద్దడమే. గురజాడ అప్పారావు గారు 1910లో రాసిన కథ పేరు "దిద్దుబాటు". దారి తప్పిన మొగుణ్ణి ఆ ఇల్లాలు వీధిలోకి ఈడ్చి పరువు తియ్యలేదు. ఉత్తరం ఒకటి రాసిపెట్టి, మంచం కింద దాక్కుంది. చివరికి వినిపించేది ఆమె నవ్వు. మన ఆధునిక కథ అలా ఒక తప్పును దిద్దుతూ మొదలైందని చాలామంది అంటారు.

దిద్దే మాట దగ్గర మా మార్కాపురం పక్క ఒక చిక్కుంది. 1970 దాకా మార్కాపురం, కంభం, గిద్దలూరు కర్నూలు జిల్లాలో ఉండేవి. మా మాటలో ఆ సీమ గట్టిదనం ఇంకా పోలేదు. "ఏందిమే ఇది?" అని మేం ప్రేమగా అడిగినా ఒంగోలు కోడలు హడలిపోతుంది. కాబట్టి మేం మాట మెత్తగా మార్చుకోవాలని నేననను. గొంతు అదే ఉండనీ. చెప్పేది ఎప్పుడు చెబుతున్నాం, ఎవరి ఎదట చెబుతున్నాం అన్నదే నాకు ముఖ్యం. దానికి మా పెద్దమ్మ సంగతి చెప్పాలి.

మా పెద్దమ్మది గిద్దలూరు. గొంతు పెద్దది, నాలుగిళ్లకు వినబడేది. కానీ ముగ్గు దగ్గర ఆమె ఎవర్నీ ఒక్క మాట అనగా నేను వినలేదు. పక్కింటికి కొత్తగా వచ్చిన కోడలు ధనుర్మాసంలో తెల్లవారుజామున ముగ్గు వేస్తూ ఒక చుక్క మర్చిపోయింది. చుక్క లేనిచోట గీత ఎటు తిప్పాలో తోచక నిలబడిపోయింది. మా పెద్దమ్మ బిందె చంకన పెట్టుకుని బోరింగు దగ్గరికి పోతూ, వంగి, ఆ పిల్ల గిన్నెలోంచే చిటికెడు పిండి తీసి, ఆ ఒక్క చుక్కా పెట్టి వెళ్లిపోయింది. వెనక్కి తిరిగి చూడలేదు. వీధిలో అప్పటికింకా ఎవరూ లేవలేదు. ఆ కోడలు ఇప్పుడు అమ్మమ్మ, ఈ సంగతి నాకు చెప్పింది ఆమే.

ముగ్గుల్లో తప్పులు వేసేవాళ్లవే కావు, కాగితంలోనూ ఉంటాయి. ఒక సంక్రాంతికి ఒక వారపత్రికలో పదిహేను చుక్కల ముగ్గు పడింది. సందు చుక్క, ఏడు వచ్చేవరకు అని కింద రాశారు. రేడియోలో బొమ్మ చూపలేను గాని లెక్క చెప్పగలను. సందు చుక్కంటే పై వరుసలో చుక్క కింది రెండు చుక్కల సందులో పడాలి, కొందరు మధ్య చుక్క అంటారు. నడిమి వరుస పదిహేను. దానికి పైనా కిందా పద్నాలుగు, పదమూడు, అలా ఒక్కొక్కటి తగ్గిస్తూ పోతాం. ఎనిమిది దగ్గర ఆపితే మొత్తం 15 వరుసలు, 169 చుక్కలు. ఆరు పక్కలా ఎనిమిదేసి చుక్కలొస్తాయి, పువ్వు ఆరు రేకులూ సమానంగా విచ్చుకుంటుంది. ఏడు దాకా పోతే 17 వరుసలు, 183 చుక్కలు. అప్పుడు పైనా కిందా ఏడేసి, ఏటవాలు పక్కల నాలుగింటికీ తొమ్మిదేసి. రేకులు ఎలా కుదురుతాయి?

ఆ పొద్దు మా పెద్దమ్మ వీధిలో ఆరిళ్ల ముందు అదే ముగ్గు. ఆరిళ్ల ముందూ అదే చోట పువ్వు వంకర. విచిత్రమేమిటంటే ఆరుగురూ తమదే తప్పనుకున్నారు. అచ్చులో పడిందంటే అబద్ధమెందుకవుతుంది? ఒకామెకు చేత కాదని అత్తగారు చీపురు తెచ్చి నీళ్లు కొట్టించింది కూడా. మధ్యాహ్నం మా పెద్దమ్మ నేల మీద బొగ్గుముక్కతో చుక్కలు పెట్టి లెక్క తేల్చింది. నాచేత పత్రికకు కార్డు రాయించింది. రాసిన చెయ్యి నాదే కాబట్టి మాటలు గుర్తున్నాయి. "మీ ముగ్గు మా వీధిలో ఆరిళ్ల ముందు వేశాం. ఎనిమిది దగ్గర ఆగితే పువ్వు చక్కగా కుదిరింది. అచ్చులో ఏడని పడినట్టుంది. వచ్చే పండక్కి ఇంకా పెద్దది వెయ్యండి."

పడినట్టుంది. మీరు వేశారు అనలేదు. తెలుగులో ఈ వెసులుబాటు ఎంత బాగుందో చూడండి. తప్పు దొర్లింది అంటాం, లెక్క తప్పింది అంటాం, చెయ్యి జారింది అంటాం. మనిషి పక్కకు తప్పుకుంటాడు, తప్పొక్కటే ఎదురుగా మిగులుతుంది. దాన్ని ఇద్దరూ కలిసి చూడొచ్చు. ఆ కార్డులో ఇంకోటి ఉంది. తప్పెక్కడో అంకెతో చెప్పింది, ఏం చేస్తే కుదిరిందో కూడా చెప్పింది. "మీ ముగ్గు బాలేదు" అని రాసుంటే ఆ పత్రికాయన ఏం దిద్దుకుంటాడు? దయ అంటే తేనె పూసిన మాటలని చాలామంది అనుకుంటారు. మా పెద్దమ్మ తేనె పూసే రకం కాదు. ఎదుటివాడికి దిద్దుకునే దారి చూపించింది, అంతే.

మెత్తగా ఉండటం పేరుతో నోరు మూసుకునేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. ఇప్పుడు పెళ్లంటే మగ్గం వర్కు జాకెట్టు లేకుండా జరగడం లేదు. ట్రేసింగ్ కాగితం మీద బొమ్మ గీసి, గీత వెంట సూదితో బెజ్జాలు పొడిచి, కాగితాన్ని పట్టుగుడ్డ మీద పరిచి, తెల్లపొడి కిరసనాయిల్లో కలిపి గుడ్డతో రుద్దుతారు. బెజ్జాల్లోంచి దిగిన చుక్కల వెంట ఆరీ సూది నడుస్తుంది. కాగితానికి రెండు వైపులూ ఒకటే అనిపిస్తుంది గాని తిరగేసి పరిస్తే నెమలి అటు చూసేది ఇటు చూస్తుంది. నెమలి ఎటు చూసినా పెళ్లి ఆగదు. ఒకచోట పెళ్లికూతురు, పెళ్లికొడుకు పేర్లు చేతుల మీద కుట్టమన్నారు. కాగితం తిరగబడింది. అక్షరాలన్నీ అద్దంలో చూసినట్టు పడ్డాయి. మగ్గం మీద ఇద్దరు రెండు రాత్రులు కూర్చుని జరీతో, పూసలతో నింపేశారు. తెల్లారి చూస్తే పేరు చదవాలంటే అద్దం కావాలి.

వాళ్లలో చిన్నపిల్ల నేను నడిపే కుట్టు క్లాసులో నేర్చుకున్నదే. "పొడి రుద్దినప్పుడే నాకు అనుమానం వచ్చిందక్కా. ఆమె పెద్దామె, ఎంతో పని తెలిసినామె. ఏమనుకుంటదో అని ఊరకుండిపోయినా" అంది. పొడి దశలో చెప్పుంటే తుడిచేస్తే సరిపోయేది. జరీ ఎక్కాక విప్పితే పట్టులో బెజ్జాలు మిగులుతాయి. కొత్త గుడ్డ కొనాల్సొచ్చింది. ఆ పిల్లనూ పూర్తిగా తప్పుపట్టలేను. ఇంతకుముందెప్పుడో ఎవరో ఆమె నోరు మూయించి ఉంటారు. నాకు ఆ మేకు గుర్తొచ్చింది.

ఇక నా తప్పు. జాకెట్టు కటింగు నేర్పేటప్పుడు ముందు పాత పేపరు మీద కత్తిరిస్తాం. చుట్టుకొలత 36 అనుకోండి, నాలుగో వంతు 9, కుట్టుకు వదిలేది 2, మొత్తం 11 అంగుళాలు. అలా వెనకభాగం, ముందుభాగం, చెయ్యి, పట్టీలు, ఒక్కో కొలతకు ఒక్కో కాగితం కత్తిరించి, అంకెలు రాసి దారానికి గుచ్చి పెడతాను. పిల్లలు వాటి మీద పెట్టి తమకు కాపీ తీసుకుంటారు. వెనకభాగం కాగితం సగమే ఉంటుంది. గుడ్డను మడిచి, మడత అంచుకు ఆ కాగితం ఆనించి కత్తిరిస్తే విప్పినప్పుడు వీపు మొత్తం ఒకే ముక్కగా వస్తుంది. మడత వైపు కాకుండా విడి అంచుల వైపు పెట్టి కత్తిరిస్తే వీపు రెండు ముక్కలు. అందుకే కాగితం మీద ఆ అంచున "మడత" అని రాయాలి. 36 కొలత కాగితం మీద నేనా మాట రాయడం మర్చిపోయాను. నోటితో చెప్పానులే అనుకున్నాను.

ధర్మవరం మగ్గాల మీద జకార్డు పెట్టె చూశారా? దండలా కుట్టిన అట్టలు ఒకదాని వెనక ఒకటి తిరుగుతుంటాయి. అట్టలో బెజ్జం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. ఫ్రాన్సులో జకార్ అనే ఆయన 1804లో తెచ్చిన పద్ధతి అది. అట్టలో ఒక్క బెజ్జం తప్పు పడిందంటే చీర పొడుగునా ప్రతి హంసకూ అదే చోట అదే మచ్చ. నేసేవాడు ఎంత నేర్పరి అయినా అంతే. నా కాగితమూ అట్టలాంటిదేనని నాకప్పుడు తట్టలేదు. పది పన్నెండు కాపీలు వెళ్లిపోయాయి.

రాచర్ల వైపు నుంచి బస్సులో వచ్చే పిల్ల ఒకతి ఉండేది. మాట తక్కువ. ఒకరోజు అందరూ వెళ్లిపోయేదాకా కత్తెరలు తుడుస్తూ, సుద్దముక్కలు డబ్బాలో సర్దుతూ ఉండిపోయింది. బస్సు టైమవుతున్నా కదల్లేదు. చివరికి ఆ కాగితం తెచ్చి బల్ల మీద పరిచింది. "అక్కా, నాకే అర్థం కాలేదేమో. ఈ కాగితానికి మడత ఏ పక్కొస్తది?" అంది.

చూశాను. అంకెలన్నీ ఉన్నాయి. ఆ మాట లేదు. నాకు చెవులు వేడెక్కాయి. ఆ పిల్ల నా మొహం చూడకుండా కాగితం కేసే చూస్తోంది. పెన్ను ఆమె చేతికే ఇచ్చి "రాయమ్మా, ఈ పక్కన" అన్నాను. "మడత" అని రాసింది. మర్నాడు అందరి కాపీలూ తెప్పించి రాయించాను. తప్పు నాదని క్లాసులో చెప్పాను, దాంతో అయిపోయిందనుకున్నాను.

ఆరునెలల తర్వాత వాళ్లక్క పెళ్లికి వెళ్లాను. అక్క తొడుక్కున్నది వెనక హుక్కుల జాకెట్టు. వీపు నడిమధ్య పట్టీ, పైన తాళ్లు కట్టి రెండు గుత్తులు వేలాడదీశారు. చాలా అందంగా ఉంది. మా పక్క పల్లెల్లో అప్పటికింకా వెనక హుక్కులు అంతగా లేవు. "భలే ఫ్యాషన్ కుట్టావే" అన్నాను. వాళ్లమ్మ నవ్వుతూ, "ఫ్యాషనా పాడా, వీపు రెండు ముక్కలుగా కోసి పెట్టింది, రాత్రంతా ఏడ్చి ఆఖరికి ఇట్టా అతికింది" అంది. పిల్ల తలొంచుకుంది. ఎప్పుడు కోసిందని అడగక్కర్లేదు. ఆ సాయంత్రం నా దగ్గరికొచ్చింది కోసేశాకే. పెళ్లి గుడ్డ నా కాగితం వల్ల పోయిందని ఒక్క మాట అనలేదు. మిగతావాళ్ల గుడ్డలు పోకూడదని మాత్రం బస్సు వదులుకుంది.

నేనైతే అలా ఉండేదాన్ని కాదు. ఉన్నమాట చెబుతున్నాను, కనీసం గుడ్డ డబ్బులైనా అడిగేదాన్ని. పెళ్లి తర్వాత నేనే ఇవ్వబోతే తీసుకోలేదు. దారపు రీళ్ల పెట్టె ఒకటి ఇస్తే తీసుకుంది.

ఈ సంగతి మా అబ్బాయికి చెబితే వాడొక కబురు చెప్పాడు. కంప్యూటరు ఉద్యోగం వాడిది. అమెరికాలో డోనాల్డ్ నూత్ అని పెద్ద ప్రొఫెసరు ఉన్నాడట, కంప్యూటరు లెక్కల మీద లావు లావు పుస్తకాలు రాశాడు. తన పుస్తకంలో కొత్త తప్పు చూపించినవాళ్లకు 2 డాలర్ల 56 సెంట్ల చెక్కు పంపేవాడట. 256 అనేది వాళ్ల లెక్కల్లో గుండ్రని అంకెలెండి, మనకు నూటపదహార్లలాగా. ఆ చెక్కుల్ని చాలామంది బ్యాంకులో వెయ్యకుండా పటం కట్టించి గోడకు తగిలించుకున్నారట. గోడకు మేకు కొట్టి తగిలించడంలో ఇలాంటిదీ ఉందన్నమాట.

నాకు చెక్కులిచ్చే తాహతు లేదు. ఆనాటి నుంచి మా క్లాసులో ఒక ఏర్పాటు చేశాను. నా కాగితాల్లో తప్పు చూపించినవాళ్లకు ఒక దారపు రీలు, నచ్చిన రంగు. ఒకే ఒక్క షరతు, గుడ్డ కత్తిరించకముందు చెప్పాలి. మొదట్లో ఎవరూ నోరెత్తలేదు. తర్వాత ఒకమ్మాయి మెడ లోతు అంకె అడ్డం తిరిగిందని చెప్పి ఎర్రదారం పట్టుకుపోయింది. ఇక అందరికీ కళ్లు విచ్చుకున్నాయి. ఇప్పుడు కొత్త కాగితం బల్ల మీద పెట్టగానే పదిమంది మీదపడి గాలిస్తారు, నా కొంప మునిగేలా ఉంది. పేచీలూ ఉన్నాయి. ఇద్దరు ఒకేసారి చూస్తే రీలు ఎవరికి? నా దస్తూరీ అర్థం కాకపోవడం తప్పు కింద లెక్కా, కాదా? కాదని నేనంటాను, అవునని వాళ్లంటారు.

36 కొలత కాగితం ఇప్పటికీ ఆ దారానికే వేలాడుతోంది. అంచులు నలిగి పసుపురంగుకు తిరిగాయి. అంకెలన్నీ నా చేతిరాత, మడత అన్న మాటొక్కటి ఆ పిల్లది.

అన్నట్టు, ఇందాక పదిహేను చుక్కలు ఎనిమిది వచ్చేవరకు వేస్తే 169 అని చెప్పాను. చేతికి అందినదేదైనా, పలకో, నేలో, పాత పేపరో తీసుకుని ఒకసారి లెక్కపెట్టి చూడండి. నా లెక్క తప్పితే ఆకాశవాణి చిరునామాకు ఒక కార్డు రాయండి. దారం ఏ రంగు కావాలో కూడా రాయండి.